పోయింది నీళ్లే, ఉప్పు కాదు: అక్వేరియం గాస్ కథ

పోయిన వేసవి సెలవుల్లో నేనొక చేపను చంపాను. కోపంతో కాదు, బద్ధకంతోనూ కాదు. చాలా శ్రద్ధగా, రోజుకో లీటరు చొప్పున, 20 రోజులు కష్టపడి చంపాను.

మా ఇంట్లో 60 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అప్పట్లో అందులో ఒక క్లౌన్ ఫిష్, ఒక హెర్మిట్ పీత, నాలుగు రాళ్లు ఉండేవి. మే నెలలో నీళ్లు మరీ వేడెక్కుతున్నాయని మూత తీసేసి, పైన చిన్న ఫ్యాన్ బిగించాను. మన ఇళ్లలో ఎయిర్ కూలర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. ఐడియా బాగానే పనిచేసింది, తొట్టి చల్లబడింది. కాకపోతే రోజుకి సుమారు ఒక లీటరు నీళ్లు తగ్గిపోయేవి. సముద్రపు తొట్టి కదా, సముద్రపు నీళ్లే పోయాలి అనుకున్నాను. ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం ఉప్పు కలిపి రోజూ లీటరు పోసేవాణ్ణి. కొన్నాళ్లకి పీత కదలడం తగ్గించింది. తర్వాత చేప తిండి మానేసింది. ఇరవయ్యో రోజు పొద్దున లేచి చూస్తే రెండూ లేవు.

ఇప్పుడు లెక్క చూడండి. సముద్రపు నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. 60 లీటర్లకి 2100 గ్రాములు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. నేను రోజూ ఇంకో 35 గ్రాములు జోడిస్తున్నాను. 20 రోజులకి 700 గ్రాములు. మొత్తం 2800, అంటే లీటరుకి దాదాపు 47 గ్రాములు. సముద్రపు చేప ఒంట్లో ఉప్పు సముద్రంలో కంటే తక్కువ. అందుకే దాని ఒంట్లోంచి నీరు ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుంది. అది ఉప్పునీళ్లు తాగి, అదనపు ఉప్పును మొప్పల గుండా తోసేస్తూ బతుకుతుంది. చుట్టూ ఉప్పు పెరిగేకొద్దీ ఆ పని కష్టమవుతుంది, చివరికి దాని వల్ల కాదు. పీతలాంటి వాటికి ఆ కాస్త వెసులుబాటు కూడా తక్కువే.

మా అమ్మకి ఈ లెక్కలేమీ అక్కర్లేకపోయింది. చారు మరిగి మరిగి ఉప్పగా అయిపోతే వేణ్ణీళ్లు పోస్తాం గానీ మళ్లీ ఉప్పేస్తామా అని అడిగింది. మా ఊరి నుంచి నౌపడ ఉప్పుమడులు ఎంతో దూరం లేవు. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి ఆ తెల్లటి కుప్పలు చూస్తూనే ఉన్నాను. సముద్రపు నీటిని మడిలో పెట్టి ఎండకి వదిలేస్తే ఏమవుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఉండకూడదు. అయినా ఇంట్లో నేనొక ఉప్పుమడి నడుపుతున్నానని నాకు తట్టలేదు.

సిగ్గుతో కూర్చుని ఈ సంగతి మొదట ఎవరు ఆలోచించి ఉంటారా అని వెతికాను. అలా దొరికాడు ఫిలిప్ హెన్రీ గాస్. అక్వేరియం అనే మాటకి ఇవాళ మనం వాడే అర్థాన్ని లోకమంతా వ్యాపింపజేసిన మనిషి. ఆయన కథ చదువుతుంటే చేప సంగతి కాసేపు మర్చిపోయాను. మీరూ చదవండి.

ఏ ఉద్యోగమూ కుదరని కుర్రాడు

గాస్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో పుట్టాడు. నాన్న ఊరూరా తిరిగి చిన్న చిన్న రూపచిత్రాలు గీసి అమ్ముకునే చిత్రకారుడు. ఇంట్లో డబ్బు ఎప్పుడూ కటకటే. పెరిగింది పూల్ అనే ఓడరేవు పట్టణంలో. సముద్రం దగ్గర, రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు, వాటిలో రంగురంగుల జీవాలు. ఆయన జీవితమంతా ఆ గుంటల చుట్టూనే తిరిగిందంటే తప్పు కాదు.

17 ఏళ్ల వయసులో, అంటే మనం ఇంటర్ పూర్తి చేసే వయసులో, అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్‌లోని కార్బొనియర్‌లో గుమస్తాగా చేరాడు. సీల్, కాడ్ చేపల వ్యాపారం చేసే ఆఫీసు. పగలు పద్దులు రాయడం. 1832లో మైక్రోస్కోప్ గురించిన పాత పుస్తకం ఒకటి కొన్నాడు. దాంతో మనిషి మారిపోయాడు. పురుగుల్ని పట్టడం, గీయడం, వివరాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. దైవభక్తి బలంగా పట్టుకున్నది కూడా ఆ సంవత్సరమే. ఈ రెండూ ఒకేసారి రావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆయన మాత్రం చివరిదాకా ఆ రెండింటినీ విడదీసి చూడలేదు.

1835లో గుమస్తా పని వదిలేసి కెనడాలోని కాంప్టన్‌లో వ్యవసాయం మొదలుపెట్టాడు. మూడేళ్లు చేసి నష్టపోయాడు. పంట కంటే పొలంలోని సీతాకోకచిలుకల మీదే ధ్యాస ఎక్కువ. 1838లో అమెరికాలోని అలబామా వెళ్లి ఒక చిన్న బడిలో పంతులుగా చేరాడు. అక్కడి పురుగుల్ని ఎంత అందంగా గీశాడంటే, ఆ బొమ్మల పుస్తకాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ తోటల్లో బానిసల మీద జరిగే హింస చూసి తట్టుకోలేకపోయాడు. ఒక ఏడాదైనా నిండకుండానే తిరిగి ఇంగ్లండ్ ఓడ ఎక్కాడు.

అంటే 29 ఏళ్లకి గుమస్తా, రైతు, పంతులు, మూడూ అయిపోయాయి. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఉన్నదల్లా కెనడా ప్రకృతి మీద రాసుకున్న ఒక రాతప్రతి. అది 1840లో పుస్తకంగా వచ్చింది. ప్లేస్‌మెంట్ రాలేదని ఇప్పుడే కుంగిపోతున్న మన ఫైనలియర్ మిత్రులకి ఈ పేరా అంకితం.

తర్వాత లండన్ దగ్గర హ్యాక్నీలో చిన్న బడి నడిపాడు. అక్కడే బ్రదరన్ అనే క్రైస్తవ శాఖలో చేరాడు. ఈ పేరు మన నర్సాపురం, పాలకొల్లు వైపు వాళ్లకి కొత్త కాదు. 1836లో డెవన్ ప్రాంతం నుంచి గోదావరి డెల్టాకి వచ్చిన మిషనరీలది కూడా ఆ శాఖే. 1844లో పక్షుల నమూనాలు సేకరించడానికి గాస్ జమైకా వెళ్లి ఏడాదిన్నర ఉన్నాడు. అక్కడ శామ్యూల్ క్యాంబెల్ అనే నల్లజాతి యువకుడు ఆయనకి కుడిభుజంగా పనిచేశాడు. జమైకా పక్షుల మీద గాస్ రాసిన పుస్తకం 1847లో వచ్చాక ఇంగ్లండ్‌లో పేరొచ్చింది.

1848లో ఎమిలీ బోవ్స్‌తో పెళ్లి. ఆవిడ ఆయన కంటే నాలుగేళ్లు పెద్ద, కవయిత్రి, మతపరమైన చిన్న పుస్తకాలు రాసేది. 1849 సెప్టెంబర్ 21న కొడుకు ఎడ్మండ్ పుట్టాడు. ఆ రోజు డైరీలో గాస్ రెండు సంగతులు పక్కపక్కనే రాసుకున్నాడు. ఒకటి కొడుకు పుట్టడం, రెండోది జమైకా నుంచి ఒక పచ్చ పిట్ట నమూనా అందడం. చాలామంది దీన్ని చూసి నవ్వుతారు. నాకైతే ల్యాబ్ రికార్డులో పుట్టినరోజు రాసుకునే మా సీనియర్లు గుర్తొచ్చారు.

గాజు తొట్టిలో సముద్రం

రాయడం, గీయడం, మైక్రోస్కోప్ ముందు వంగి కూర్చోవడం. ఇలా విరామం లేకుండా పనిచేసి గాస్ ఆరోగ్యం పాడుచేసుకున్నాడు. విశ్రాంతి కోసం 1852లో కుటుంబంతో డెవన్ సముద్రతీరానికి వెళ్లాడు. విశ్రాంతి తీసుకున్నాడా అంటే లేదు. ఆటుపోట్ల మధ్య నడుస్తూ, ఉలి, సుత్తి పట్టుకుని రాళ్లు పగలగొడుతూ, అనిమోన్లని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. వాటిని చంపకుండా బతికించి చూడాలన్నది ఆయన పట్టుదల. సీసాలో సారాలో ఊరిన అనిమోన్ రంగు పోయి ముద్దలా ఉంటుంది. నీళ్లలో బతికున్నది పువ్వులా విచ్చుకుంటుంది. ఆ తేడాని అందరికీ చూపించాలనుకున్నాడు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ పని ఆయనొక్కడే చేయలేదు. అన్నా థిన్ అనే ఆవిడ 1846లోనే టార్కే నుంచి పగడాలను లండన్ తెచ్చి బతికించింది. పనిమనిషి ఆ నీళ్లని కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ధారగా పోసేది, నీళ్లలో గాలి కలవడానికి. మనం ఎయిర్ పంపు అంటున్నది ఇదే. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త చేపలు, నీటి మొక్కలు ఒకదాన్నొకటి ఎలా నిలబెడతాయో 1850లో ప్రయోగం చేసి చూపించాడు. మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప వదిలింది మొక్కకి పనికొస్తుంది. గాస్ ఇదే సూత్రాన్ని ఉప్పునీటికి వర్తింపజేశాడు. కొత్తగా కనిపెట్టినదాని కంటే, మామూలు మనిషి ఇంట్లో చేసుకునేలా విడమరచి చెప్పడం ఆయన గొప్పతనం. పైగా 1845లో ఇంగ్లండ్ గాజు మీద పన్ను ఎత్తేసింది. గాజు పలకలు చవకయ్యాయి. కాలం కలిసొచ్చింది.

1853 మే నెలలో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు. ప్రపంచంలో మొదటి పబ్లిక్ అక్వేరియం అదే. అందులోని సముద్ర జీవాల్ని సేకరించి పంపడంలో గాస్ చేయి ఉంది. ఆ ఏడాదే వేమత్ తీరంలో పడవల మీద తిరిగి జీవాల్ని పట్టాడు. 1854లో ఆ అనుభవాలతోనే అక్వేరియం పేరుతో పుస్తకం తెచ్చాడు. అప్పటిదాకా ఇలాంటి తొట్టిని వివేరియం, ఆక్వా వివేరియం అని రకరకాలుగా పిలిచేవారు. అక్వేరియం అన్న మాట అంతకుముందు నీటి మొక్కల తొట్టికి వాడేవారు. గాస్ పుస్తకం తర్వాత ఈ అర్థమే స్థిరపడిపోయింది.

నాలుగు లవణాల వంటకం

లండన్‌లో ఉండేవాడికి సముద్రపు నీళ్లు ఎక్కడివి? తీరం నుంచి పీపాల్లో తెప్పించాలి. ఖర్చు, ఆలస్యం, పీపా శుభ్రంగా లేకపోతే జీవాలన్నీ చావడం. గాస్ దీనికి ఇంజినీర్ లాగే ఆలోచించాడు. బ్రైటన్ తీరపు నీటిని అప్పటికే రసాయనికంగా విశ్లేషించి ఉన్నారు. ఆ పట్టిక తీసుకుని, మరీ తక్కువగా ఉన్నవాటిని వదిలేశాడు. సున్నం మామూలు మంచినీళ్లలో ఎలాగూ ఉంటుందని దాన్నీ పక్కనపెట్టాడు. చివరికి నాలుగు లవణాలు మిగిలాయి.

మామూలు ఉప్పు మూడున్నర ఔన్సులు, అంటే దాదాపు 99 గ్రాములు. ఎప్సమ్ లవణం, అంటే మెగ్నీషియం సల్ఫేట్, పావు ఔన్సు, దాదాపు 7 గ్రాములు. మెగ్నీషియం క్లోరైడ్ 200 గ్రెయిన్లు, దాదాపు 13 గ్రాములు. పొటాషియం క్లోరైడ్ 40 గ్రెయిన్లు, రెండున్నర గ్రాముల చిల్లర. వీటిని నాలుగున్నర లీటర్లకి కాస్త తక్కువ నీళ్లలో కలపాలి. 1854లో ఈ కొలతలు ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

నాకు కొలతల కంటే ఆయన ఓపిక నచ్చింది. నీళ్లు కలిపిన వెంటనే జీవాల్ని అందులో పడేయలేదు. ముందు సముద్రపు నాచు ఉన్న రాళ్లు పెట్టాడు. కొన్ని రోజులు ఆగి, నీరు కుదురుకున్నాకే జీవాల్ని ఒక్కొక్కటిగా వదిలాడు. ఇవాళ మనం కొత్త తొట్టిని కొన్ని వారాలు ఖాళీగా నడిపి, వ్యర్థాల్ని తినే బాక్టీరియా పెరిగాక చేపలు వేస్తాం. బాక్టీరియా సంగతి తెలియని కాలంలో ఆయన చూసి చూసి అదే పద్ధతికి దగ్గరగా వచ్చాడు.

ఇక నా చేపని చంపిన సంగతి. దానికి కూడా ఆయన జవాబిచ్చాడు. తొట్టిలో నీళ్లు తగ్గితే పోయింది మంచినీరే, లవణాలు లోపలే ఉన్నాయి, కాబట్టి మంచినీరే పోసి పాత మట్టానికి తేవాలని పాఠకులకి చెప్పాడు. పోయింది ఏమిటో తెలుసుకుని దాన్నే తిరిగివ్వు, ఉన్నదాన్ని మళ్లీ ఇవ్వకు. అంతే. నేను 170 ఏళ్లు ఆలస్యంగా చదివాను.

డార్విన్ కొన్న ఉప్పు

గాస్ పుస్తకాల తర్వాత ఇంగ్లండ్‌లో అక్వేరియం పిచ్చి పట్టుకుంది. 1855లో చేతిలో పట్టేంత చిన్న గైడు ఒకటి రాశాడు, అదీ బాగా అమ్ముడైంది. హాల్లో గాజు తొట్టి లేకపోతే నామోషీ అనుకునే దాకా వచ్చింది. దుకాణాల్లో అనిమోన్లు, తొట్లు, లవణాల మిశ్రమం అన్నీ దొరికేవి. లండన్ హోబర్న్‌లో బోల్టన్ అనే ఆయన ఈ ఉప్పు అమ్మేవాడు.

ఈ ఉప్పు కొన్నవాళ్లలో చార్లెస్ డార్విన్ ఒకడు. ఆయనకి చేపలతో పనిలేదు. మొక్కలు దూరపు దీవులకి ఎలా చేరి ఉంటాయి అన్నది ఆయన ప్రశ్న. విత్తనాలు సముద్రంలో తేలుతూ పోయినా బతుకుతాయా అని చూడాలి. అందుకని ఏడాదికి పైగా సముద్ర జీవాలు బతికిన రకం ఉప్పు తెప్పించి, ఇంట్లోనే సముద్రపు నీళ్లు తయారుచేసి, విత్తనాలు నానబెట్టాడు. 87 రకాల్లో 64 రకాలు 28 రోజులు నానిన తర్వాత కూడా మొలిచాయి. కొన్ని 137 రోజులకి కూడా. ఈ అంకెలు తర్వాత ఆయన 1859 పుస్తకంలోకి, జాతుల పుట్టుక గురించిన వాదనలోకి వెళ్లాయి.

ఇందులో ఉన్న విచిత్రం చూడండి. దేవుడి సృష్టిని ఇంట్లో కూర్చుని చూసి ఆనందించడానికి గాస్ పెంచిన అలవాటు అది. దాని కోసం అమ్మకానికొచ్చిన ఉప్పే, గాస్ నమ్మకాన్ని కూలదోయబోయే సిద్ధాంతానికి సరంజామా అయింది.

1857

1856లో గాస్ రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. చదువు డిగ్రీ ఏదీ లేని మనిషికి అది చిన్న గౌరవం కాదు. ఆ ఏడాదే ఎమిలీకి రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ వద్దనుకున్నారు. మత్తుమందులు కొత్తగా వస్తున్న రోజులు అవి, ఆపరేషన్ అంటే భయం ఉండేది. ఒక అమెరికన్ డాక్టర్ లేపనంతో నయం చేస్తానంటే నమ్మారు. అది విపరీతమైన నొప్పి పెట్టింది, నయం మాత్రం కాలేదు. 1857 ఫిబ్రవరిలో ఎమిలీ చనిపోయింది. ఎడ్మండ్‌కి అప్పుడు ఏడేళ్లు.

ఆ ఏడాదే గాస్ తన జీవితంలో పెద్ద పొరపాటు చేశాడు. దాని పేరు ఓంఫలోస్, గ్రీకులో బొడ్డు అని అర్థం. భూగర్భ శాస్త్రం భూమి వయసు కోట్ల ఏళ్లని చెబుతోంది. బైబిల్ సృష్టి ఆరు రోజులంటోంది. రెండూ ఆయనకి నిజమే. మరి ఎలా? ఆయన ఇచ్చిన జవాబు ఇది. ప్రాణుల జీవితం ఒక చక్రం, గుడ్డు నుంచి కోడి, కోడి నుంచి గుడ్డు. ఈ చక్రాన్ని ఎక్కడ మొదలుపెట్టినా, దాని వెనక జరగని గతం ఒకటి జరిగినట్టే కనిపిస్తుంది. తల్లి లేని ఆదాముకి బొడ్డు ఉన్నట్టే, ఆ రోజే పుట్టిన చెట్టులో వయసు వలయాలు ఉన్నట్టే, భూమిలో శిలాజాలు కూడా మొదటి రోజు నుంచే ఉన్నాయి.

లాజిక్‌గా చూస్తే దీన్ని తప్పని నిరూపించలేరు. సమస్య కూడా అదే. ఏ పరిశీలనా దీన్ని కదిలించలేదు. రెండు పక్షాలూ సంతోషిస్తాయనుకున్నాడు. రెండూ ఎగతాళి చేశాయి. ఆయన పుస్తకాల్ని ప్రేమించిన పాదిరి, రచయిత చార్లెస్ కింగ్‌స్లీ కూడా, దేవుడు రాళ్ల మీద అంత పెద్ద అబద్ధం రాశాడంటే ఒప్పుకోలేనని ఉత్తరం రాశాడు. పుస్తకం అమ్ముడవలేదు.

నాకు ఇక్కడే ఆయన మీద జాలేసింది. తొట్టిలో నీళ్లు తగ్గితే ఏది పోయింది, ఏది మిగిలింది అని విడదీసి చూసిన మనిషి. పోయినదాన్నే తిరిగి పోయమని చెప్పిన మనిషి. భార్య పోయిన ఏడాది మాత్రం, అప్పటికే ఇంట్లో నిండా ఉన్న నమ్మకాన్నే మరింత కలిపి పోశాడనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే. కానీ కొడుకు తర్వాత రాసింది చదివితే మీకూ అలాగే అనిపించొచ్చు. తల్లి లేని పిల్లాడు, కథల పుస్తకాలు లేని ఇల్లు, పదేళ్లకే పెద్దవాళ్లతో సమానంగా బాప్తిస్మం. ఆ ఇంట్లో ప్రేమ తక్కువేం కాదు, ఊపిరాడేంత చోటే తక్కువ. ఎడ్మండ్ పెద్దయ్యాక ఆ నమ్మకం నుంచి బయటికి వచ్చేశాడు, పేరున్న సాహిత్య విమర్శకుడయ్యాడు. తండ్రి జీవిత చరిత్ర 1890లో, తామిద్దరి మధ్య జరిగిన కథ 1907లో రాశాడు. రెండో పుస్తకం ఇప్పటికీ చదువుతున్నారు.

ఖాళీ అయిన గుంటలు

1857 చివర్లో తండ్రీకొడుకులు డెవన్‌లోని సెయింట్ మేరీచర్చ్‌కి మారిపోయారు. గాస్ మిగిలిన జీవితమంతా అక్కడే. పుస్తకం దెబ్బతిన్నా పని ఆపలేదు. నల్లకోటుతో ఛాతీ లోతు నీళ్లలో దిగి రాళ్ల కింద వెతికేవాడు, పక్కన పిల్లాడు. బ్రిటన్ అనిమోన్లన్నిటి మీదా ఆయన రాసి, బొమ్మలు గీసిన పెద్ద గ్రంథం 1860లో పూర్తయింది. ఆ ఏడాది చివర్లో ఎలైజా బ్రైట్‌వెన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ రాకతో ఇంట్లో కాస్త వెలుతురు వచ్చిందని కొడుకే చెప్పాడు. తర్వాత ఆర్కిడ్ మొక్కలు పెంచాడు. 70 దాటాక మళ్లీ మైక్రోస్కోప్ పట్టి, రోటిఫర్లు అనే అతి చిన్న నీటి జీవాల మీద హడ్సన్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశాడు. 1886లో అది పుస్తకమైంది. 1888 ఆగస్టు 23న చనిపోయాడు.

కానీ ఆయన్ని చివరిదాకా బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన పుస్తకాలు చదివి జనం సముద్రతీరాలకి ఎగబడ్డారు. ఏ గుంట ఏ ఊరి దగ్గర ఉందో, ఏ రాయి కింద ఏ అనిమోన్ దొరుకుతుందో ఆయనే రాశాడు కదా. ఉలులు, సుత్తులు, బకెట్లు పట్టుకుని వచ్చి తవ్వుకుపోయారు. ఇంటికెళ్లాక చాలామంది తొట్టెల్లో అవి ఎన్నాళ్లో బతకలేదు. మళ్లీ వచ్చి మళ్లీ తవ్వారు. చిన్నప్పుడు తను చూసిన ఆ గుంటలు పెద్దయ్యేసరికి బోసిపోయాయని, దానికి తానే కారణమని తండ్రి నొచ్చుకున్నాడని ఎడ్మండ్ రాశాడు. తెలియకుండా, ప్రేమతో చేసిన నష్టం. నాకు బాగా తెలిసిన రకం.

మళ్లీ తొట్టి దగ్గరికి

రెండు నెలలు తొట్టి ఖాళీగా ఉంచాను. తర్వాత మళ్లీ మొదలుపెట్టాను. మీలో ఎవరైనా పెట్టుకోవాలనుకుంటే నేను నేర్చుకున్నది చెబుతాను.

తొట్టి గాజు మీద నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించండి. నీళ్లు దానికంటే దిగితే ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోయండి. కుళాయి నీళ్లు వద్దు. వాటిలోని క్లోరిన్ చేపలకి మంచిది కాదు, కరిగి ఉన్న ఇతర లవణాలు కూడా ఆవిరికి పోకుండా రోజూ పేరుకుంటాయి. ఒకేసారి ఎక్కువ పోయకండి, రోజూ కొద్దికొద్దిగా పోయండి. తొట్టి శుభ్రం చేస్తూ పాత నీళ్లు బయటికి తీసినప్పుడు మాత్రం ఉప్పు కలిపిన నీళ్లే పోయాలి, ఎందుకంటే అప్పుడు ఉప్పు కూడా బయటికి పోయింది. వారానికోసారి రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం చూడండి.

నేను, నా రూమ్మేట్ కలిసి ఫ్లోట్ స్విచ్, 12 వోల్టుల చిన్న పంపు, ఆర్డుయినోతో ఆటోమేటిక్‌గా నీళ్లు పోసే ఏర్పాటు చేశాం. మేడ మీద నీళ్ల ట్యాంకులో బంతి చేసే పనే ఇది. పక్కన పెట్టిన మంచినీళ్ల డబ్బా మాత్రం కావాలనే 5 లీటర్లదే పెట్టాం. స్విచ్ ఇరుక్కుపోయి పంపు ఆగకపోయినా, మొత్తం 5 లీటర్లూ 60 లీటర్ల తొట్టిలోకి పోయినా, ఉప్పు లీటరుకి 32 గ్రాముల దగ్గర ఆగుతుంది. చేపకి ఇబ్బందే, కానీ చావదు. 20 లీటర్ల డబ్బా పెట్టి ఉంటే 26కి పడిపోయేది. పని చేసేటప్పుడు ఎలా ఉంటుందన్నది కాదు, పాడైనప్పుడు ఎంత నష్టం చేస్తుందన్నది ముందు చూడాలని మా ప్రొఫెసర్ క్లాసులో ఎన్నిసార్లు చెప్పారో. చేప చనిపోయాక గానీ బుర్రకెక్కలేదు.

ఇప్పుడున్న రెండు క్లౌన్ ఫిష్‌లూ ఫారంలో పుట్టినవే. ఎవరో బీచ్‌లో ఏరి తెచ్చిన పగడపు ముక్క ఇస్తానన్నారు, వద్దన్నాను. గట్టి పగడాలకి, సముద్రపు గుర్రాలకి మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, తీయడం, అమ్మడం నేరం. చట్టం లేకపోయినా వద్దనేవాణ్ణేమో. గాస్ కథ చదివాక రాతి గుంటలోది గుంటలోనే ఉండాలనిపించింది.

మొన్న సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ తొట్టి దగ్గర నిలబడి టేపు వంక చూసింది. కాస్త దిగింది, నీళ్లు పోయనా అని అడిగింది. ఏ నీళ్లు అని నేను అడగలేదు. అమ్మకి తెలుసు.